రివర్స్ వ్యాసంలో మనం చదవని సగం

భయంకరమైన అనుభవం తాలూకు జ్ఞాపకాలు పిలవకుండానే వచ్చి మీద పడుతుంటే మనిషి ఏం చేయాలి? పూర్వం అణచిపెట్టుకోమన్నారు, అది తప్పని తేలింది, ఇప్పుడు బయటికి చెప్పుకోమంటున్నారు అని మనస్తత్వశాస్త్ర చరిత్రలు చెప్పే కథ. నాకది ఎప్పుడూ పలచగానే కనిపించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు తగిలిన మానసిక దెబ్బను 1915లో చార్లెస్ మైయర్స్ ‘షెల్ షాక్’ పేరుతో లాన్సెట్ వైద్య పత్రికకెక్కించడం, లండన్‌లో యెలాండ్ అనే వైద్యుడు కరెంటు పెట్టి సైనికులకు వైద్యం చేయడం అందరూ రాసినవే. ఆగి చూడవలసింది డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ దగ్గర. నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య తిరిగి 1906లో వారిమీద పెద్ద గ్రంథం వెలువరించినాయనే, 1917లో ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో యుద్ధం నుంచి వచ్చిన అధికారులకు వైద్యుడు. ‘మరిచిపో’ అన్న సలహా రోగికి ఎంత చేటు చేస్తుందో 1918లో లాన్సెట్‌లో అచ్చయిన వ్యాసంలో చూపాడు. పగలంతా నెట్టేసిన దృశ్యం రాత్రి నిద్రను చెరిచేది. అందరూ ఉదహరించేది ఇంతవరకే.

మిగతాదీ చదివితే ఆయన జాగ్రత్త తెలుస్తుంది. తునాతునకలైన స్నేహితుడి శరీరం ఒక అధికారి కళ్లముందు మెదిలేది. అంతగా ఛిద్రమైందంటే బాధ తెలియకుండా ప్రాణం పోయినట్టే కదా అని రివర్స్ అతనికి చూపించాడు. అంటే ఊరికే చెప్పించి వదల్లేదు, జ్ఞాపకంలో పట్టుకోదగ్గదాన్ని వెతికిపెట్టాడు. మరొకరి అనుభవంలో అలాంటిదేదీ దొరకలేదు. ఆ అధికారి చివరికి సైన్యం వదిలేయవలసి వచ్చిందని దాచకుండా రాశాడు. అదేపనిగా తలపోయడమూ హానేనని హెచ్చరించాడు కూడా.

ఇలా దుర్ఘటన జ్ఞాపకాలు వెంటాడే రుగ్మత పీటీఎస్‌డీ అన్న పేరుతో 1980లో అమెరికా మానసిక వైద్య గ్రంథంలో చేరింది. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ ఒక ప్రయోగంలో విద్యార్థులను తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దన్నాడు. ఆపలేకపోయారు, ఆపైన తలచుకోమంటే మరింత ఎక్కువగా తలచారు. అణచకూడదనే వాదానికి అదే బ్రహ్మాస్త్రమైంది. ఊహలోని ఎలుగుబంటికీ కళ్లారా చూసిన చావుకీ పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

2015 నవంబరు 13 పారిస్ ఉగ్రవాద దాడుల నుంచి బయటపడ్డవారిపై 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన నా సందేహానికి బలమిచ్చింది. పీటీఎస్‌డీ లేనివారి మెదడు చొరబడే జ్ఞాపకాన్ని అదుపు చేయగలిగింది. ఉన్నవారిలో ఆ అదుపే సడలింది. ఆ లోపం జబ్బుకు కారణమో ఫలితమో మాత్రం అంతటితో తేలదు. పరీక్షలో చూపినవి మామూలు బొమ్మలే, దాడి దృశ్యాలు కావన్నదీ గుర్తుంచుకోవాలి.

శిక్షణ పొందిన చికిత్సకుడి దగ్గర జ్ఞాపకాన్ని క్రమంగా ఎదుర్కొనే, మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా పద్ధతి ఎందరికో మేలు చేసింది, దాన్ని నేను కాదనను. దుర్ఘటన జరిగిన కొద్దిరోజులకే బాధితులను కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించడం వేరు. అది పీటీఎస్‌డీని ఆపలేదని పరీక్షల్లో తేలింది. ప్రమాదం జరిగిన వీధికే వెళ్లకపోవడం జబ్బును ముదరబెడుతుంది. అదే వీధిలో నడుస్తూ, లేచిన దృశ్యాన్ని ఆపి ముందుకు సాగడం అలాంటిది కాదు. నేటి సలహాలు చాలావరకు రెంటినీ ‘తప్పించుకోవడం’ కిందే జమకడుతున్నాయి. పనిలో పడి ఒక పూట నిబ్బరంగా గడిపిన బాధితుడికి దాన్ని రోగలక్షణంగా రాయడం అన్యాయం.