కారుకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేయిస్తున్నారా? పికప్ సంగతి సరే.. దుమ్ము, వరద నీళ్ల సంగతేంటి?

గరికపాడు (ఎన్టీఆర్ జిల్లా): కారు పికప్ పెరగాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎయిర్ ఇన్‌టేక్. కంపెనీ ఫిల్టర్ తీసేసి, మెరిసే పైపు, కోన్ ఆకారంలో ఉండే ఫిల్టర్ బిగిస్తే చాలు, బండి దూసుకెళ్తుందని నమ్మకం. యాక్సిలరేటర్ తొక్కగానే సౌండ్ మారిపోతుంది కూడా. కానీ సౌండ్ పెరిగినంతగా పవర్ పెరుగుతుందా? ముఖ్యంగా హైదరాబాద్–విజయవాడ హైవే మీద, గరికపాడు చెక్‌పోస్ట్ నుంచి నందిగామ దాకా తిరిగే కార్లకి ఇది లాభమా, నష్టమా? డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఇంజిన్‌కి గాలి ఎంత కావాలి?

పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకి దాదాపు 11 కిలోల గాలి. లీటర్లలో చెప్పాలంటే సుమారు 9 వేల లీటర్లు! ఈ గాలంతా ఫిల్టర్ దాటి, పైపు గుండా థ్రాటిల్ బాడీకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి వెళ్తుంది.

ఇక్కడే వేడి సంగతి వస్తుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 40 డిగ్రీల గాలి బానెట్ కింద 70 డిగ్రీలకి చేరితే, దాని సాంద్రత దాదాపు 9 శాతం తగ్గిపోతుంది. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది, పవరూ తగ్గుతుంది. చల్లటి గాలి అందించాలన్న ఐడియా పుట్టింది ఇందుకే.

మార్కెట్‌లో ఉన్నవి మూడు రకాలు

1. డ్రాప్-ఇన్ ఫిల్టర్: కంపెనీ బాక్స్ అలాగే ఉంటుంది. లోపలి కాగితం ఫిల్టర్ బదులు, కడిగి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ పెడతారు.

2. షార్ట్ రామ్: బాక్స్ తీసేసి, పొట్టి పైపు చివర కోన్ ఫిల్టర్ బిగిస్తారు. సౌండ్ బాగుంటుంది. కానీ ఫిల్టర్ బానెట్ కిందే ఉంటుంది కాబట్టి పీల్చేది వేడి గాలే. టోల్‌గేట్ క్యూలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పవర్ పెరగకపోగా తగ్గే అవకాశం ఉంది.

3. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: పొడవాటి పైపుతో ఫిల్టర్‌ని ఇంజిన్ వేడికి దూరంగా పెడతారు. చాలా కిట్లలో అది బంపర్ వెనక, చక్రం దగ్గర కిందికి వస్తుంది. గాలి చల్లగానే దొరుకుతుంది. చిక్కంతా ఆ ఎత్తుతోనే.

పవర్ నిజంగా పెరుగుతుందా?

ఇప్పుడొచ్చే కార్లలో చాలావాటికి కంపెనీయే గ్రిల్, హెడ్‌లైట్ దగ్గర నుంచి బయటి గాలి తీసుకునేలా డక్ట్ ఇస్తోంది. అంటే చల్లటి గాలి ఏర్పాటు ముందే ఉందన్నమాట. అలాంటప్పుడు 80 బీహెచ్‌పీ ఇంజిన్‌లో 3 శాతం పెరిగిందనుకున్నా, అదనంగా వచ్చేది రెండున్నర బీహెచ్‌పీ లోపే. రోజూ నడిపేవాళ్లకి అది తెలియడం కష్టం. టర్బో ఇంజిన్లలోనూ ఎంత బూస్ట్ ఇవ్వాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. దాన్ని మార్చకుండా పైపు ఒక్కటే మారిస్తే పెద్ద తేడా ఆశించలేం.

మరి మురికి ఫిల్టర్ సంగతి? అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో దీన్ని పరీక్షించింది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో పూడుకుపోయిన ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరగలేదు కానీ, పికప్ 6 నుంచి 11 శాతం దాకా మెరుగైంది. అంటే, పాత ఫిల్టర్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకి తక్కువ ఖర్చులో అయ్యే అసలు అప్‌గ్రేడ్ కొత్త కంపెనీ ఫిల్టరే.

జగ్గయ్యపేట రూట్‌లో దుమ్ముతో జాగ్రత్త

ఇది సున్నపురాయి నేల. జగ్గయ్యపేట చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు, హైవే మీద బారులు తీరే లారీలు. ఎండాకాలంలో గాలిలో సన్నటి దుమ్ము ఎక్కువ. గాలి సులువుగా వెళ్లడం కోసం జాలీ పలచగా చేసిన ఫిల్టరైతే, ఆ సన్నటి ధూళి కూడా లోపలికి పోయే ప్రమాదం ఉంది. అది పిస్టన్ రింగుల్ని, సిలిండర్ గోడల్ని మెల్లగా అరగదీస్తుంది. ఈ నష్టం వెంటనే కనపడదు. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలయ్యాకే తెలుస్తుంది.

కాటన్ ఫిల్టర్‌కి పూసే నూనె కూడా ఎక్కువైతే, గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది. ఆ సెన్సర్ ఉన్న కార్లలో రీడింగ్ తప్పి, చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు.

వరద నీళ్లలో అసలు డేంజర్

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకి గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు హైవే ఎక్కాయి. 2023 జులైలోనూ ఐతవరం దగ్గర ఇదే పరిస్థితి.

ఇలాంటి చోట బంపర్ వెనక కిందికి ఉన్న ఫిల్టర్ నీళ్లలో మునిగితే, ఇంజిన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. పైకొచ్చే పిస్టన్‌కి దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఒక్కసారి అలా జరిగితే ఇంజిన్ విప్పాల్సిందే.

నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. తోసుకుంటూనో, టో చేయించో బయటికి తెచ్చి, మెకానిక్ ఫిల్టర్ తడిసిందో లేదో చూశాకే స్టార్ట్ చేయాలి.

చట్టం, వారంటీ, ఇన్సూరెన్స్

కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఫిల్టర్ మార్చుకోవడం మామూలు సర్వీసే. కానీ బాక్స్ తీసేసి, పైపులు కోసి, వైరింగ్ కదిలిస్తే అది మార్పు కింద లెక్కకి రావొచ్చు. వారంటీ క్లెయిమ్ దగ్గరా అదే పేచీ. నీళ్లు చేరి పాడైన ఇంజిన్‌కి సాధారణ పాలసీలో కవర్ దొరకడం కష్టం. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. మార్పు చేయిస్తే బీమా కంపెనీకి ముందే చెప్పాలి.

చేయించే ముందు చూసుకోండి

* ముందు కంపెనీ ఫిల్టర్ తీసి చూడండి. మురికిగా ఉంటే కొత్తది వేయించి, నాలుగు రోజులు నడిపి అప్పుడు ఆలోచించండి.
* ఇంకా కావాలనుకుంటే బాక్స్ కదలకుండా డ్రాప్-ఇన్ ఫిల్టర్‌తో ఆపండి.
* పొడవు పైపు కిట్ అయితే, ఫిల్టర్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో టేపు పెట్టి కొలిపించండి.
* దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఫిల్టర్‌ని మాన్యువల్‌లో చెప్పిన గడువు కన్నా ముందే చెక్ చేయించండి.
* తీసేసిన కంపెనీ బాక్స్‌ని పారేయకండి. వానాకాలం ముందు మళ్లీ బిగించుకోవచ్చు.

ట్రాక్ మీద పరిగెత్తే కారుకి రెండు బీహెచ్‌పీ కూడా గొప్పే. పాలేరు, మున్నేరు దాటి ఇల్లు చేరాల్సిన కారుకి మాత్రం శుభ్రమైన ఫిల్టర్, నీళ్లకి అందని ఇన్‌టేక్ ముఖ్యం.