పావగడ తాలూకా సంతలు - స్త్రీల గంపబేరము

పావగడ తాలూకా పాలనరీత్యా కర్ణాటకములోని తుమకూరు జిల్లాకు చెందినది. పటమున చూచినచో ఆంధ్రదేశములోనికి చొచ్చుకొనివచ్చిన నేలవలె కన్పట్టును. మడకశిర, రొద్దము, కల్యాణదుర్గము దీనికి ఇరుగుపొరుగు సీమలు. పెక్కు పల్లెలలో ఇంటిమాట తెలుగు, కచేరిమాట కన్నడము. సంతలో మాత్రము రెండును చెల్లును. 12, 13 శతాబ్దులలో నిడుగల్లు చోళులు ఈ తాలూకాలోని నిడుగల్లు దుర్గమును, నేడు ఆంధ్రప్రదేశములోనున్న హేమావతిని కలిపి యేలినవారు. కావున సరిహద్దు గీతకంటె ఇచటి రాకపోకలు ప్రాచీనములు.

సంతకు కన్నడమున సంతె యనియు, తమిళమున సందై యనియు పేర్లు. సంతనూతలపాడు, సంతమాగులూరు, కన్నడదేశపు సంతేబెన్నూరు మున్నగు ఊళ్ల పేర్లలోనే సంత నిలిచియున్నది. కర్ణాటక శాసనములందు సంతసుంకము కలదు, వర్తకశ్రేష్ఠుడైన పట్టణస్వామి కలడు. 1800లో ఈ ప్రాంతములు తిరిగిన బుకానన్ దొర గుబ్బి సంతను వర్ణించెను. ఇన్ని ఆధారములున్నను, గంప దించుకొని కూర్చున్న స్త్రీ పేరు దొరకుట అరుదు. సాహిత్యమును వెదకినను అంతే. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూళ్లు కలవు. కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ కలదు, ఆమెకు వృత్తియే పేరు. మజ్జిగమ్మ, కూరగాయలమ్మ అని మనము నేటికిని సరకునుబట్టియే పిలుచుచున్నాము గదా!

ఈ వ్యాసమున నేను చూపదలచినది ఒక్కటే. గంపకు వచ్చిన డబ్బు నేరుగా స్త్రీ చేతికి చేరెడిది. పంటయు, పంటను కొనుచోటును మారినకొలది ఆ చేయి వట్టిదగుచు వచ్చినది.

వర్షాధారమైన మెట్టనేలలలో రాగి ప్రధానధాన్యముగానున్న కాలమున చేనంతయు ఒకే పైరు వేయుట లేదు. రాగి నడుమ అనప, అలసంద, ఆముదము, ఆవాలు సాళ్లుగా వేయుచుండిరి. దీనిని కన్నడిగులు అక్కడిసాలు అందురు. రాగి గాదెకు చేరగా, ఈ చిల్లరపంట తరచుగా ఇల్లాలి పాలగుచుండెను. పురుషులకు దానిపై కొంత చిన్నచూపు. ఆ చిన్నచూపే ఆమెకు మేలయ్యెను. పచ్చి అనపకాయలు, చింతపండు, నెయ్యి, పెరటికూరలు గంపకెక్కి సంతకు వచ్చెడివి. సేరుతో కొలిచి, పిడికెడు కొసరు వేయుట మర్యాద. 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో కిలోలు, లీటర్లు వచ్చినను పాతమాటలు సంతను వెంటనే వీడలేదు. అమ్మిన సొమ్ముతో ఉప్పో, గాజులో, పిల్లవానికి పలకయో కొనుటకు ఆమె ఎవరి అనుమతియు కోరవలసిన పని లేకుండెను.

వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పైరు. మనవారి నోట అది శనక్కాయ. గత శతాబ్ది ఉత్తరార్ధమున అనంతపురము సీమతోపాటు పావగడ మెట్టలను అది ఆవరించెను. 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్ నెలకొల్పగా ప్రోత్సాహము హెచ్చినది. అది గంపలో పోవు సరకు కాదు, గోనెసంచులలో మండీకి పోవును. అచట ధర పలుకువాడు దళారి. పట్టీమీద పేరు ఇంటి యజమానిది. 1966 నాటి కర్ణాటక వ్యవసాయ విపణి చట్టము ఆ వ్యాపారమునకు ఒక క్రమము కల్పించినది. అది మేలే, కాని పట్టీమీది పేరు మారలేదు. విత్తనమునకు కాయ ఒలుచుట, కలుపు తీయుట, పీకిన చెట్లనుండి కాయలు కోయుట చాలవరకు స్త్రీల పనులు. ఆ శ్రమ కూలిలెక్కకు వచ్చినదే గాని ధరలెక్కకు రాలేదు.

భూమి ఎవరి పేరనున్నదను ప్రశ్న ఇచట పుట్టును. హిందువుల ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమానభాగమును ఆంధ్రప్రదేశము 1986లోను, కర్ణాటకము 1994లోను శాసనము చేసి యిచ్చినవి. కేంద్రచట్ట సవరణ 2005 నాటిది. రొద్దము ఆడుబిడ్డకంటె పావగడ ఆడుబిడ్డ ఎనిమిదేండ్లు వేచియుండవలసివచ్చెను. ఆనాటికే పెండ్లియైన వారిని రెండు రాష్ట్రముల చట్టములును విడిచిపెట్టినవి.

సౌరవిద్యుత్కేంద్రము వచ్చినప్పుడు ఈ పేరు విలువ బయటపడినది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్ల, రాయచెర్ల గ్రామములలో సుమారు 13,000 ఎకరములు కౌలుకు తీసికొని, 2,050 మెగావాట్ల సామర్థ్యముతో తలపెట్టిన ఆ కేంద్రమును 2018 మార్చిలో ప్రారంభించిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు కౌలుగా మొదట నిర్ణయించిరి. వానలు తప్పుచుండు నేలకు అది స్వల్పము కాదు. ఒప్పుకొన్న పట్టాదారులను తప్పుపట్టరాదు. కౌలు పట్టాదారునికి చెల్లును. కలుపుతీత, కాయకోత పోగొట్టుకొన్న కూలిస్త్రీకిని, ఆ బీళ్లలో మేకలు మేపుకొన్న స్త్రీకిని అందులో భాగము లేదు.

1999 జనవరి 26న ఆంధ్రప్రదేశమున రైతుబజారులు వెలసినవి. పండించినవారే అమ్ముకొనవలెనను ఆశయము శ్లాఘ్యము. కాని అచట కూర్చుండుటకు రైతుకార్డు కావలెను, కార్డుకు భూమి వివరము కావలెను. 2007 నాటి జాతీయ రైతు విధానము కూలీలను, కౌలుదారులను కూడ రైతులుగా పరిగణించినను, కార్డులు వ్రాయు కచేరీలకు ఆ నిర్వచనము ఇంకను పూర్తిగా చేరలేదు. పాతసంత ఈ ప్రశ్న అడుగదు. సుంకము చెల్లించి గంప దించినవారెల్ల అమ్మవచ్చును. ఈ విషయమున సంతయే ఉదారమైనదని నా అభిప్రాయము.

ఇక వండి అమ్మువారు. బొరుగులు, మిరపకాయబజ్జీలు, నిప్పట్లు, ఓళిగలు, శనక్కాయ చట్నీపొడి - వీనికి సంతలో గిరాకి తగ్గలేదు. మండీకి పోయిన శనక్కాయలో కొంత ఈ పొడిరూపమున మరల స్త్రీ చేతికి వచ్చుచున్నది. 2000లో కర్ణాటకమున ఆరంభమైన స్త్రీశక్తి సంఘములు ఇట్టివారికి పొదుపును, చిన్న అప్పును అందించినవి. ఆహారభద్రతా చట్టము 2006లో వచ్చి 2011లో అమలైనది. ఏటికి 12 లక్షల రూపాయలు మించని అమ్మకముగల చిన్న తయారీదారులకు నమోదు చాలుననియు, దాని రుసుము ఏడాదికి 100 రూపాయలనియు 2011 నిబంధనలు నిర్ణయించినవి. ఆ పత్రమున అమ్మువారి పేరు, చిరునామా, చేయు పదార్థము వ్రాయవలెను. భూమి పట్టా అడుగలేదు.