జిప్సం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్

కాల్షియం సల్ఫేట్ ప్రతి అణువుకూ రెండేసి నీటి అణువులు అంటిపెట్టుకుని ఉన్న మెత్తటి ఖనిజం జిప్సం. గోటితో గీస్తే గీత పడుతుంది. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే ఆ నీటిలో ముప్పాతిక వంతు పోయి తెల్లటి పొడి మిగులుతుంది. అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, వాడుకలో పీఓపీ. పారిస్‌లోని జిప్సం గనుల వల్ల ఆ పేరు వచ్చింది.

ఈ పొడికి నీళ్లు తగిలితే కోల్పోయిన నీటిని తిరిగి తీసుకుని, వేడెక్కుతూ, నిమిషాల్లో మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు కాస్త ఉబ్బుతుంది కాబట్టి అచ్చులోని సన్నని గీత కూడా తప్పిపోదు. విరిగిన ఎముకకు వేసే కట్టు, పంటి అచ్చు, ఫాల్స్ సీలింగ్, గణపతి విగ్రహం అన్నీ ఈ గుణం చలవే. సిమెంటులో కొద్దిగా జిప్సం లేకపోతే నీళ్లు కలపగానే బిగుసుకుపోతుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు వేస్తారు: కాయ నిండడానికి కాల్షియం, నూనెకు గంధకం. చౌడు భూములను బాగుచేసేదీ ఇదే.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల మండపాల వినాయకులు ఎందరో సరూర్‌నగర్ చెరువుకే నిమజ్జనానికి చేరతారు. చిక్కు అక్కడే. జిప్సం విషం కాదు, కానీ లీటరు నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. 100 కిలోలు కరగాలంటే సుమారు 40 వేల లీటర్ల మంచినీరు కావాలి, అదీ చాలా నెమ్మదిగా. ఈలోగా విగ్రహం అడుగున పేరుకుంటుంది. గాలి ఆడని బురదలో బ్యాక్టీరియా సల్ఫేట్‌ను కుళ్లిన గుడ్ల వాసనుండే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. రంగుల్లో సీసం వంటి లోహాలుంటే అవి అసలైన విషం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పీఓపీ విగ్రహాలు వద్దంది.

పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఒక ఉపాయం చూపింది. అమ్మోనియం బైకార్బొనేట్ కలిపిన నీటిలో పీఓపీ విగ్రహాన్ని ఉంచితే అది కాల్షియం కార్బొనేట్ ముద్దగా, అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంగా విడిపోతుంది. ఆ ద్రావణం ఎరువే. అయినా ఇంటి వినాయకుడికి ఇంత రసాయనం అక్కర్లేదు. రంగు పూయని బంకమట్టి బొమ్మను తెచ్చుకోండి. బకెట్లో నిమజ్జనం చేసి, ఆ మట్టినీ నీళ్లనూ మొక్కల మొదట్లో పోయండి.