స్ట్రాంజిలాయిడిస్ హైపర్‌ఇన్‌ఫెక్షన్ (అవయవ మార్పిడి రోగుల్లో)

స్ట్రాంజిలాయిడిస్ స్టెర్కొరాలిస్ అనే పేగు పురుగు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారిలో అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే ప్రాణాంతక స్థితి ఇది. కిడ్నీ, కాలేయం, గుండె, పేంక్రియాస్, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారిలో అరుదుగా కనిపిస్తుంది. ముదిరాక బయటపడితే వైద్యం అందినా చాలామంది దక్కరు. ఆపరేషన్‌కు ముందే పసిగడితే ఒకటి రెండు రోజుల మాత్రలతో దాదాపు తప్పిపోతుంది. అరుదైనదే కదా అని దీన్ని పక్కన పెట్టకూడనిది అందుకే.

ఆడపురుగు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. చిన్నపేగు లోపలి పొరలో ఉండి, మగపురుగుతో పని లేకుండానే గుడ్లు పెడుతుంది. మలం కలిసిన తడి మట్టిలోని లార్వాలు చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి దూరి, రక్తంలో పడి ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి ఎక్కి, మింగుడుపడి పేగులోకి దిగుతాయని సాధారణంగా వర్ణిస్తారు. కొంకిపురుగు దారి కూడా ఇదే. కాని కొంకిపురుగు గుడ్లు మట్టిలో పడితేనే ఎదుగుతాయి. మళ్లీ మట్టి తగలకపోతే, లోపలున్న పురుగు ఆయువు తీరడంతో జబ్బు కూడా పోతుంది. స్ట్రాంజిలాయిడిస్ గుడ్లు మాత్రం పేగులోనే పొదుగుతాయి. ఆ లార్వాల్లో కొన్ని బయటికి పోకముందే ముదిరి, పేగు గోడనో మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని తిరిగి ఒంట్లోకి చేరతాయి. ఈ స్వయం సంక్రమణ వల్ల ఒక్కసారి సోకిన పురుగు ఏళ్ల తరబడి, ఒక్కోసారి జీవితాంతం ఉండిపోతుంది.

1876లో ఫ్రాన్స్‌లోని తూలాన్‌లో నౌకాదళ వైద్యుడు లూయీ నార్మాండ్, కొచ్చిన్‌చైనా (ఇప్పటి దక్షిణ వియత్నాం) నుంచి విరేచనాలతో తిరిగొచ్చిన సైనికుల మలంలో దీన్ని మొదట చూశాడు. ఇది ఎంతకాలం నిలుస్తుందో తెలిపింది రెండో ప్రపంచ యుద్ధపు బందీలు. జపాన్ సేనలకు చిక్కి థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం వేసిన బ్రిటిష్ సైనికుల్లో, స్వదేశం చేరిన కొన్ని దశాబ్దాలకు కూడా ఈ పురుగు బయటపడింది.

ఆరోగ్యవంతుల్లో స్వయం సంక్రమణ హద్దులో ఉంటుంది. అప్పుడప్పుడు కడుపునొప్పి, దురద, చర్మం మీద గంటకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకే ఎర్రని గీత, రక్తపరీక్షలో ఇస్నోఫిల్ అనే తెల్ల రక్తకణాల పెరుగుదల (జనం ఇస్నోఫిలియా అనేది) కనిపించవచ్చు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా స్టెరాయిడ్లు మొదలుపెట్టగానే ఆ హద్దు చెరుగుతుంది. అన్ని మందులదీ ఒకే తీరు కాదు: సైక్లోస్పోరిన్‌కు ఈ పురుగును అణిచే గుణం కొంత ఉంది. మార్పిడి తర్వాతి తొలి నెలల్లోనూ, తిరస్కరణకు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడూ ముప్పు ఎక్కువ.

అప్పుడు లార్వాలు లెక్కకు మించి పేగు గోడను దాటుతూ, అక్కడి బ్యాక్టీరియాను వెంట మోసుకుపోతాయి. అందుకే చాలామందిని బలిగొనేది ఈ. కోలై, క్లెబ్సియెల్లా వంటి క్రిముల వల్ల వచ్చే సెప్సిస్, మెనింజైటిస్. పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బడం, ఆయాసం, కఫంలో నెత్తురు, బొడ్డు చుట్టూ వేలిముద్రల్లాంటి ఊదా మచ్చలు హైపర్‌ఇన్‌ఫెక్షన్ గుర్తులు. ఇక్కడొక మోసం ఉంది: స్టెరాయిడ్ల వల్ల ఇస్నోఫిల్ కణాలు పెరగకపోవచ్చు. మూలం తెలియకుండా పేగు బ్యాక్టీరియా రక్తంలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, యాంటీబయాటిక్ మార్చడంతో సరిపెట్టకుండా కఫంలోనూ మలంలోనూ లార్వాల కోసం వెతకాలి.

మామూలు ఇన్‌ఫెక్షన్‌లో ఒక్క మలపరీక్షలో పురుగు దొరకడం కష్టం. కొన్ని రోజుల నమూనాలు, అగార్ పలకపై కల్చర్, రక్తంలో యాంటీబాడీ పరీక్ష కలిపి చూస్తారు. మందు ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. హైపర్‌ఇన్‌ఫెక్షన్‌లో దాన్ని రోజూ ఇస్తూ, పరీక్షల్లో లార్వాలు రెండు వారాల పాటు కనబడని దాకా కొనసాగిస్తారు. అణిచివేత మందులను వీలైనంత తగ్గిస్తారు. పేగు స్తంభించిన రోగికి మాత్ర ఒంటపట్టదు. మనుషులకు అనుమతి ఉన్న ఇంజెక్షన్ లేక, పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను చర్మం కింద ఇచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నులిపురుగుల కోసం బడుల్లో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనిమీద అంతగా పనిచేయదు. కాబట్టి "నులిపురుగుల మందు వేసుకున్నాను" అన్న జవాబుతో తృప్తిపడకూడదు.

భారతదేశం ఈ పురుగు ఉన్న ప్రాంతమే. వరి మడుల్లో వట్టికాళ్లతో పనిచేసినవారికీ, బహిర్భూమికి పొలాలకు వెళ్లే ఊళ్లలో పెరిగినవారికీ ముప్పు ఉంటుంది. ఆ బాల్యం గడిచి, నగరంలోనో అమెరికాలోనో స్థిరపడిన తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. మార్పిడికి పేరు నమోదైనప్పుడే "చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు, చెప్పుల్లేకుండా తిరిగేవారా" అని అడగాలి. పరీక్షకు వీలులేని చోట ముందుజాగ్రత్తగా ఐవర్‌మెక్టిన్ ఇవ్వడం సబబే.

దాత నుంచి కూడా పురుగు రావచ్చు. మన దగ్గర కిడ్నీ ఇచ్చేది తరచు తల్లో తోబుట్టువో కనుక, వారినీ ఇవే ప్రశ్నలు అడిగి పరీక్షించాలి. మరణానంతర దాత విషయంలో, ఒక గ్రహీతలో పురుగు బయటపడితే ఆ దాత అవయవాలు పొందిన మిగతావారి వైద్యులకు వెంటనే కబురు చేయాలి. వారిలో లక్షణాలు మొదలుకాకముందే మందు ఇవ్వవచ్చు.