కొండ దిగే బండి, మనవాళ్ళ బ్రేకు

చిత్తూరు వైపు వాళ్ళకు ఘాట్ రోడ్డు గురించి వేరే చెప్పాలా? తిరుమల పాత ఘాట్ రోడ్డు వేసింది 1944లో. 1974లో రెండవ దారి వచ్చాక పాత దారి దిగడానికే మిగిలింది. ఆ మలుపుల్లో దిగుతూంటే ముందు బండి చక్రాల నుంచి మాడు వాసన రావడం మీలో చాలామందికి అనుభవమే. ఆ వాసన వెనక ఉన్న కథ చెప్పాలంటే మిమ్మల్ని కాసేపు మా కోయంబత్తూరుకు తీసుకువెళ్ళాలి.

మాది అక్కడి పాత తెలుగు కుటుంబం. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాక, ఆ నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి నల్లరేగడిలో పత్తి వేసుకుని స్థిరపడ్డ వాళ్ళలో మా పెద్దలూ ఉన్నారని ఇంట్లో చెప్పుకునేవారు. మా ఇళ్ళలో మాట తెలుగు, రాత అరవం. బండి సామాను పేర్లు మాత్రం ఇంగ్లీషు.

మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు 1911లో పెట్టిన మోటారు వ్యాపారం మీరు టి.వి.ఎస్. అనే పేరుతో ఎరుగుదురు. ఆయన తెలుగువారు కారు. కోయంబత్తూరు పక్క కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు మాత్రం మనవారే. ఆయన హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఒక మోటారు సైకిలు కొని, దాన్ని ఊడదీసి మళ్ళీ బిగించి యంత్రం చదువుకున్న మనిషి. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. మా ఊళ్ళో పిల్లవాడు ఇంట్లో గడియారం విప్పి పాడుచేస్తే పెద్దలు తిట్టి, ఆ వెంటనే నాయుడుగారి పేరు ఎత్తేవారు. తిట్టో మెప్పో తెలిసేది కాదు.

ఆ రోజుల్లో బండ్లకు డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపల రెండు షూలు విచ్చుకుని గోడను ఒరుసుకుంటాయి. వేడి లోపలే చిక్కుకుంటుంది. తిరిగే రేకును రెండు వైపులా పట్టుకునే డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. కాని లోకం దాన్ని నమ్మింది 1953లో, డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు లే మాన్ పందెం గెలిచాక. మన దేశంలో అంబాసిడర్లూ, ఫియట్లూ చాలాకాలం డ్రమ్ములతోనే కొండలెక్కి దిగాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1986లో దాని రెండో రూపం వచ్చేసరికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 2014లో తయారీ ఆగిపోయినా, మా ప్రాంతంలో ఆ బండ్లను ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్ళున్నారు.

ఆ చిన్న ఇంజనుతోనే మా ఊళ్ళో పందెం కార్లు కట్టినాయన కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం వారు. ఫార్ములా మారుతి అనే ఆ ఒంటి సీటు బండ్లు కుర్రకారుకు తక్కువ ఖర్చులో పందెం నేర్పాయి. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఊరి పక్క చెట్టిపాళయంలో 2003లో తెరిచిన పందెం బాటకు ఆయన పేరే పెట్టారు.

ఇక మా ఇంటి సంగతి. మా మేనమామకు ఒక పాత మారుతి 800 ఉండేది. ఒకసారి కూనూరు నుంచి మేట్టుపాళయం దిగుతూ, నలుగురం ఉన్నాం, సగం దారిలో పెడలు మెత్తగా నేలదాకా పోయింది. మామ గేరు మొదటికి తెచ్చి, చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగి, కొండవైపు గట్టుకు ఒరిపించి ఆపాడు. ఎవరమూ మాట్లాడలేదు. అత్త కిందికి దిగి రాయి మీద కూర్చుండిపోయింది.

ఇంటికి రాగానే మామ కొడుకు, "నాయనా, పందెం బండ్ల ప్యాడ్లు వేయిస్తాను" అన్నాడు. వాడికి ఆ పిచ్చి ఉంది. అంగడివాడు కూడా వాటినే పొగిడాడు. మా మెకానిక్కు మాత్రం మామనొకటే అడిగాడు: "పెడలు గట్టిగా ఉండి బండి ఆగలేదా అన్నా, పెడలే మెత్తబడిందా?"

ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ప్యాడ్లు మాడి పట్టు తప్పితే పెడలు గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. పెడలు మెత్తబడితే బ్రేకు ఆయిలు మరిగి ఆవిరైందన్నమాట. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కొంత నీరు చేరాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మామ బండిలో ఆయిలు ఎప్పుడు మార్చారో ఆయనకే గుర్తు లేదు. చేతి బ్రేకు తీగతో వెనక డ్రమ్ముల్ని లాగేది కాబట్టి మా ప్రాణాలు దక్కాయి.

నేను బడిపంతుల్ని, లెక్క వేయకుండా ఉండలేను. మనుషులతో కలిపి 900 కిలోల బండి 1500 మీటర్ల ఎత్తు దిగితే, ఆ శక్తి అంతా వేడిగా మారితే 45 లీటర్ల నీళ్ళు కాగి మరుగుకు వస్తాయి. మూడు బిందెలు! రెండో గేరులో దిగితే అందులో పెద్ద వంతు ఇంజను భరిస్తుంది. న్యూట్రల్లో దిగితే మొత్తం బ్రేకుల మీదే.

మరి ప్యాడ్లు ఏవి కొనాలి? పందెం ప్యాడ్లు బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే చల్లటి బండికి బడిపిల్లవాడు అడ్డం వస్తే అవే మోసం చేస్తాయి, డిస్కునూ అరగదీస్తాయి. పాత చిన్న బండికి కంపెనీ కొలతకు సరిపోయే, పేరున్న తయారీదారుల మామూలు ప్యాడ్లు చాలు. టి.వి.ఎస్. వారు బ్రిటిష్ గర్లింగ్‌తో కలిసి 1962లో బ్రేక్స్ ఇండియా పెట్టినప్పటి నుంచి ఈ సామాను మన దక్షిణాదిలోనే తయారవుతోంది. కొన్ని ప్యాడ్ల అంచున రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఇ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జి గట్టి. ఎఫ్ఎఫ్ అని ఉంటే ఎక్కువ వేడిలోనూ పట్టు అదే తరగతిలో ఉంటుంది. ఎఫ్ఇ అంటే వేడికి కొంత జారుతుంది. అయితే ఎన్నాళ్ళు మన్నుతుందో ఆ అక్షరాలు చెప్పవు.

డిస్కు మందం చూపించండి, కనీసపు కొలత చాలావాటి మీద దానిమీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లు ఎడమా కుడీ కలిపే మార్చండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేది కాబట్టి డ్రమ్ము విప్పినప్పుడు గాలి కొట్టనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి. కొత్త ప్యాడ్లతో మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయకండి, అప్పుడే కొండకు వెళ్ళకండి.

మా మామ ఆ వారమే ఆయిలు మార్పించి, మామూలు ప్యాడ్లు వేయించాడు. పందెం ప్యాడ్లకని దాచిన డబ్బులో సగానికి పైగా మిగిలింది. మరుసటి నెల మళ్ళీ కూనూరు వెళ్ళాం. అత్త మాత్రం రైలెక్కింది.