రాతి మీది నలుపు - లెక్క తేలని పద్దు

రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర సూరత్‌లో ఉంటున్నాను. ఇక్కడి లింబాయత్‌లో మన తెలుగు నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. కిందటి నెల అక్కడ ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దాయన తన ఫోన్ చూపించి, "చూశారా సార్, ఎడారి రాళ్ళ మీద సూక్ష్మజీవులున్నాయని సైంటిస్టులు ఇప్పటికి ఒప్పుకున్నారు. రాయిలో ప్రాణం ఉందని మనవాళ్ళు ఏనాడో చెప్పలేదూ?" అన్నారు. విస్తరి ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను.

అలాంటి రాళ్ళను నేను కళ్ళారా చూశాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉండగా ఆడిట్ పని మీద ఒకసారి లేహ్ వెళ్ళాను. సింధు నది పక్కన నల్లగా, నూనె రాసినట్టు మెరిసే బండలు. కొన్నిటి మీద అడవిమేకలు, విల్లు పట్టిన వేటగాళ్ళు. వాటిని చేసినవాళ్ళు రంగు వాడలేదు. నల్లటి పైపొరను పొడిచి తీస్తే అడుగున లేతరంగు రాయి బయటపడింది, అంతే. మా డ్రైవర్ అవి దేవతలు చెక్కినవన్నాడు. నేనేమో ఆ నలుపు ఎండకు మాడిందనుకున్నాను. ఇద్దరివీ ఊహలే.

ఈ నలుపు గురించి 1800లోనే హంబోల్ట్ ఆలోచించాడు. దక్షిణ అమెరికాలో ఒరినోకో నది బండల మీద ఇలాంటి పూతే చూశాడు. రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ పరీక్షిస్తే అందులో మాంగనీసు, ఇనుము ఆక్సైడులు కనిపించాయి. 1832లో బ్రెజిల్ తీరాన డార్విన్ కూడా ఇటువంటి పూతను చూసి, ఇది ఎలా ఏర్పడుతుందో తెలియదని రాసుకున్నాడు. తెలియనిదాన్ని తెలియదని రాయడం డార్విన్‌కు చిన్నతనంగా అనిపించలేదు.

ఎడారి రాళ్ళ దగ్గర అసలు చిక్కు లెక్కలో ఉంది. భూమి పైపొరలో మాంగనీసు సుమారు వెయ్యికి ఒక పాలు. ఈ పూతలో అది పదో వంతు దాకా, ఒక్కోచోట అంతకు మించి ఉంటుంది. పూతలో సింహభాగం గాలి తెచ్చిన బంకమన్నే. దుమ్ములో అంత తక్కువ ఉన్నది ఇక్కడ వందరెట్లు ఎలా పోగైంది? జమ ఎక్కడ నుంచి వచ్చిందో తెలియని పద్దు కనబడితే ఆడిటర్‌కు నిద్ర పట్టదు.

1981లో డోర్న్, ఒబర్లాండర్ అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో బాక్టీరియా పేరు చెప్పారు. మాంగనీసును ఆక్సీకరించే సూక్ష్మజీవులే దాన్ని కూడబెట్టాయన్నారు. అంటే మన పెద్దాయన 'ఇప్పటికి' అన్నది నలభై ఏళ్ళు దాటిన సంగతి. పోనీ అంతటితో ఒప్పుకున్నారా? లేదు. 2006లో మరికొందరు దీనికి సిలికాయే ముఖ్యమని, జీవుల అవసరం లేదని వాదించారు. 2021లో ఉషా లింగప్ప బృందం అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఇంకో దారి చూపింది. ఆ రాళ్ళ మీద ఉండే ఒక జాతి సయనోబాక్టీరియా మండే ఎండ చేసే హాని నుంచి కాపాడుకోవడానికి తమ కణాల్లో మాంగనీసు దాచుకుంటాయట. అవి చచ్చాక మిగిలేది ఈ నల్లపూత. అంటే మాంగనీసు వాటికి గొడుగు లాంటిదన్నమాట. నాకు నచ్చిన వివరణ ఇదే, కానీ నాకు నచ్చడం సాక్ష్యం కాదు. మన లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ వాళ్ళు కూడా లడఖ్ రాళ్ళ పూతలో జీవుల జాడలు వెతుకుతున్నారు.

ఈ చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది. పూత కింద చిక్కిన సేంద్రియ పదార్థాన్ని కార్బన్ పద్ధతిలో కొలిచి రాతిబొమ్మల వయసు చెప్పే ప్రయత్నం జరిగింది. ఆ నమూనాల్లో నేలబొగ్గు, కట్టెబొగ్గు తునకల్లాంటివి ఉన్నాయని, విడిగా తీసిన నమూనాల్లో అవి కనిపించలేదని 1998లో 'సైన్స్' పత్రికలోనే వచ్చింది. పెద్ద రభస అయింది. ఆ తేదీల మీద నమ్మకం పోయింది. తప్పు పట్టింది బయటివాళ్ళు కాదు, అదే రంగంలోని తోటి శాస్త్రవేత్తలు.

ఇక రాయిలో ప్రాణం సంగతి. గోడకు పాచి పట్టిందని గోడకు ప్రాణం ఉందంటామా?

మొన్న ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "మనవాళ్ళు చెప్పింది ఏ గ్రంథంలోనండీ? అందులో మాంగనీసు మాట ఉందా?" అని అడిగాను. ఫార్వర్డ్ చేసినాయన్ను కనుక్కుని చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.