నిరీక్షణా కాలంలో మారిన యంత్రాలు

తెలుగు టాకీ మాట నేర్చి మూడేళ్ళయినా నిండని 1934లో, కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి సి.పుల్లయ్య తీసిన 'లవకుశ' ఆనాటి పరికరాల పరిమితిలోనే అపారమైన జనాదరణ పొందింది. ఇరవై నాలుగేళ్ళ తరువాత, అదే కథను వర్ణచిత్రంగా తీయడానికి నిర్మాత శంకరరెడ్డి పూనుకున్నప్పుడు దర్శకత్వ భారం మళ్ళీ పుల్లయ్య మీదనే పడింది. రంగు ఫిల్ముకు అయ్యే వ్యయం నలుపు తెలుపుల లెక్కకు అందనిది కావడంతో, 1958లో మొదలైన చిత్రీకరణ ధనాభావం వల్ల నడుమ ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆగిన నిర్మాణం కోసం ఆగనిది లవకుశుల పాత్రధారులైన బాలుర వయస్సు. పుల్లయ్య ఆరోగ్యం క్షీణించగా ఆయన కుమారుడు సి.ఎస్.రావు మిగిలిన భాగాన్ని పూర్తిచేయడంతో, తొలి పూర్తి నిడివి తెలుగు వర్ణచిత్రంగా అది 1963 మార్చి 29న విడుదలై ఘనవిజయం సాధించింది. ఆ విజయకాంతిలో నడుమ గడిచిన కష్టకాలాన్ని లోకం సహజంగానే మరచిపోయింది. కానీ కొత్త యంత్రం కోసం కథ ఎదురుచూడటం, ఆ ఎదురుచూపులో యంత్రంతో పాటు మనుషులూ మారిపోవడం అనే చరిత్ర మనకు ఇక్కడి నుంచే స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి ప్రతిగా నిలిచే ఉదాహరణ 1957 నాటి 'మాయాబజార్'. దర్శకుడు కె.వి.రెడ్డి షూటింగుకు ముందే ప్రతి సన్నివేశం నిడివిని స్టాప్‌వాచితో కొలిచి నిర్ణయించుకునే మనిషి. అందుబాటులో ఉన్న కెమెరా ఏది చేయగలదో, ఏది చేయలేదో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేకు క్షుణ్ణంగా తెలుసు. తనంతట తానే చుట్టుకుపోయే గింబళిని, ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపడే లడ్లను నేటి ప్రేక్షకుడు నిదానించి చూస్తే, ఒక్కొక్క ఫ్రేము దగ్గర కెమెరాను ఆపి, వస్తువును రవంత కదిపి, మళ్ళీ తిప్పిన చేతుల ఓర్పు తెలుస్తుంది. యంత్రం పరిధిని ముందే అంగీకరించి, ఆ పరిధిలోపలే కల్పనను పరాకాష్ఠకు తీసుకుపోవడం వారు అవలంబించిన మార్గం. ఆ చిత్రానికి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు పేరు ఈ చరిత్రలో మళ్ళీ వస్తుంది.

తరువాతి మూడు దశాబ్దాలలో తెర స్వరూపమే మారింది. తెనాలి మండలంలో అంగలకుదురు, బుర్రిపాలెం వంటి పల్లెల జనం ఆ మార్పులను ప్రత్యేకమైన మమకారంతో చూడటానికి ఒక కారణముంది. 1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు'నూ, 1986లో తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం'నూ తెచ్చిన నటుడు కృష్ణ బుర్రిపాలెం బిడ్డ. ఆయన విధానం కె.వి.రెడ్డికి పూర్తిగా భిన్నమైనది. యంత్రం వచ్చిందని తెలియగానే అందుకోవడం, అది పరిపూర్ణమయ్యేదాకా ఆగకపోవడం ఆయన స్వభావం. ఆ తొందరలో కొన్ని లోపాలు దొర్లి ఉండవచ్చు. కానీ ఒక తరం ప్రేక్షకులకు కొత్త సాంకేతికత కలగా మిగిలిపోకుండా ఊళ్ళోని హాలుకు వచ్చిందంటే అందులో ఆయన సాహసం పాలు పెద్దదే.

కంప్యూటరు వచ్చాక నిరీక్షణ స్వరూపం మారింది. 'అమ్మోరు'తో 1995లో డిజిటల్ మాయను తెలుగు తెరకు పరిచయం చేసిన నిర్మాత శ్యామ్‌ప్రసాద్‌రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ, ఆ తరువాత చిరంజీవి నాయకుడిగా 'అంజి'ని తలపెట్టారు. డెబ్బై రెండేళ్ళకొకసారి ఆత్మలింగాన్ని అభిషేకించే ఆకాశగంగ కథ అది. ఆ చిత్రం సుమారు ఆరేళ్ళు నిర్మాణంలోనే ఉండి 2004 జనవరిలో విడుదలైంది. ఆ ఆరేళ్ళూ సామాన్యమైనవి కావు. ఖరీదైన వర్క్‌స్టేషన్లకే పరిమితమైన త్రిమితీయ చిత్రణ, 1999లో ఎన్‌విడియా తెచ్చిన జీఫోర్స్ 256 వంటి కార్డుల పుణ్యాన మామూలు కంప్యూటర్లలోకి దిగివచ్చిన కాలమది. మొదటి ఏడాది అబ్బురమనిపించిన దృశ్యం చివరి ఏడాదికి సాధారణమైపోయే స్థితిలో, చేసిన పనిని మెరుగుపరచాలనే తపన ఎంత సహజమో అంత ప్రమాదకరం కూడా. 'అంజి' గ్రాఫిక్సుకు జాతీయ పురస్కారం దక్కినా, వ్యాపారపరంగా చిత్రం నిలవలేదు. దాన్ని వైఫల్యాల జాబితాలో చేర్చి మరచిపోవడం న్యాయం కాదని నా దృఢాభిప్రాయం. తరువాత 'మగధీర', 'ఈగ', 'బాహుబలి' నడిచిన దారిలో తొలి ముళ్ళను తొలగించినవారు నష్టపోయినవారే.

ఇదే కాలంలో సముద్రాల ఆవల వీడియో గేముల పరిశ్రమ ఇదే సంకటాన్ని మరింత తీవ్రంగా అనుభవించింది. 1996లో 'డ్యూక్ న్యూకెమ్ 3డి'తో విశేషంగా ధనార్జన చేసిన త్రీడీ రెల్మ్స్ సంస్థ, మరుసటి ఏడాదే దాని సీక్వెల్‌ను ప్రకటించింది. మొదట క్వేక్ 2 ఇంజిన్ (గేమును నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీద పని ప్రారంభించి, 1998లో దాన్ని వదిలి అన్‌రియల్ ఇంజిన్‌కు మారింది. త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ గ్రాఫిక్స్ కార్డుల యుగం ముగిసి, త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తులు ఎన్‌విడియా వశమై, 2001 నాటికి షేడర్లను (వెలుతురును, రంగును లెక్కించే చిన్న ప్రోగ్రాములను) ప్రోగ్రామ్ చేసుకోగల కార్డులు వచ్చేసరికి, నిన్నటి పని ప్రతిసారీ పాతబడిపోతూ వచ్చింది. సొంత డబ్బు పుష్కలంగా ఉండటం వల్ల, గడువు విధించి నిలదీసే అధికారం ప్రచురణకర్తకు లేకపోయింది. ఆ స్వేచ్ఛే సంస్థకు శాపమైంది. 2009లో నిర్మాణబృందాన్ని తొలగించవలసివచ్చి, చివరకు గేర్‌బాక్స్ సంస్థ చేతుల మీదుగా 2011 జూన్‌లో గేము వెలువడింది. పద్నాలుగేళ్ళ ఆశను మోయగల శక్తి దానికి లేదు. 1998 నాటి 'హాఫ్-లైఫ్'కు సీక్వెల్ కూడా వాయిదాలు పడి, సోర్స్‌కోడ్ దొంగిలింపుకు గురై, 2004లో వచ్చింది. అయితే వాల్వ్ సంస్థ తన ఇంజిన్‌ను తానే నిర్మించుకుని, దాన్ని వదలకుండా పనిచేయడం వల్ల ఆ జాప్యం ఫలించిందని చెప్పాలి.

ఇక్కడ సినిమాకూ గేముకూ ఉన్న తేడాను గుర్తించాలి. ఆరేళ్ళ కిందట తీసిన సినిమా షాటు ఫిల్ము మీద స్థిరంగా ఉంటుంది. దానిపై అద్దిన గ్రాఫిక్సును మాత్రమే మళ్ళీ చేయవలసివస్తుంది. గేములో అలా కాదు. ఇంజిన్ మారితే గోడలు, వెలుతురు, పాత్రల కదలిక, శత్రువుల ప్రవర్తన అన్నిటినీ దాదాపు మొదటి నుంచి కట్టవలసిందే. అందుచేత గేము రూపకర్తకు యంత్రపురోగతి చూపే ప్రలోభం చిత్రనిర్మాతకు చూపేదానికంటే క్రూరమైనది. ఆ ప్రలోభానికి లొంగినవారిని సోమరులనడం సరికాదు. వారిని దెబ్బతీసింది అలసత్వం కాదు, అతిశయమైన శ్రద్ధ.

ఇటీవలి కాలంలో నిరీక్షణను నింపడానికి మరో ఉపాయం ప్రబలింది. 2013లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' తరువాతి రెండు తరాల ప్లేస్టేషన్లకూ 2014లోనూ, 2022లోనూ కొత్త మెరుగులతో వచ్చింది. ఆరవ భాగానికి ప్రకటించిన తేదీ 2026 నవంబరు 19. మన దగ్గర 2010లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేయడం, 2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' 4కె రూపంలో మళ్ళీ థియేటర్లకు రావడం ఇటువంటివే. పాత కృతిని కొత్త యంత్రం గుండా చూపడం గౌరవమే. కానీ అది సీక్వెల్‌కు ప్రత్యామ్నాయం కాదు.

'ఆదిత్య 369' విషయంలో ఈ మాట మరీ వర్తిస్తుంది. 'మాయాబజార్' నాటి సహాయకుడు సింగీతం 1991లో కాలయంత్రాన్ని ఎక్కించి ప్రేక్షకుణ్ణి 1526 నాటి కృష్ణరాయల కొలువుకూ, 2504 నాటి భవిష్యత్తుకూ తీసుకుపోయారు. ఆ భవిష్యత్తును సృష్టించింది ప్రధానంగా సెట్లు, దీపాలు, కెమెరా. కథానాయకుడు బాలకృష్ణ ఎన్నోసార్లు ప్రస్తావించిన సీక్వెల్ 'ఆదిత్య 999 మాక్స్' 2025 నాటి పునర్విడుదల వేళకూ తెరమీదికి రాలేదు. ఈ ముప్పై నాలుగేళ్ళలో 2504ను చూపగల యంత్రాలు హైదరాబాదులోనే సమృద్ధిగా సమకూరాయి. మాటలు రాసిన జంధ్యాల 2001లోనూ, చిత్రాన్ని సమర్పించిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం 2020లోనూ, తెనాలి రామకృష్ణుడిగా నటించిన చంద్రమోహన్ 2023లోనూ కన్నుమూశారు. ఆ కొలువును, ఆ హాస్యాన్ని ఇప్పుడు తలపెట్టేవారు కొత్త మనుషులతో కట్టుకోవలసి ఉంటుంది.